వెనక ఒక్కడు

తోతాపురి టెంకలు పది ఏరుకొచ్చి
గుజ్జు ఫ్యాక్టరీ వెనకాల, డ్రమ్ములు కడిగిన నీళ్ళు ఇంకా ఆరని చోట
చెంగల్రాయులు సారు మట్టిలో పేర్చినాడు.
ముందర ఆరు. మధ్యలో మూడు.
వెనక ఒకటి.
గోలీకి టెంక చాల్లేదు, ఏసుపాదం చెప్పు పెట్టినాడు.

"ఈ ఒక్కటి ఎవురు సార్?" అంటి.
"నువ్వే" అన్నాడు,
అగ్గిపెట్టె అడిగినంత సులువుగా.

సీజను అయిపోయింది. బాయిలర్ చల్లారింది.
కూలి లెక్కలు తేలేదాకా చేతులకు పని లేదు, కాళ్ళున్నాయి.
ఆదివారం రాణిపేట తోళ్ళ ఫ్యాక్టరీ జట్టు చిత్తూరుకు వస్తా ఉంది.
వాళ్ళు గోలు ముందర ఎనిమిది మందిని
రేషన్ కొట్టు వరసలాగా నిలబెడతారు.
ఒక్కటి కొట్టి, పొద్దు గుంకేదాకా
దానికే కాపలా కాస్తారు.

సారు పుల్లతో గీస్తా చెప్పినాడు:
అంచుల్లో ఇద్దరు, సున్నం గీత కాలికి అంటల్ల.
చాపను రెండు కొసలా పట్టుకోని లాగండి,
నడుమ నేత వదులవుతాది.
ఆ వదులులో గుణశేఖరు, మస్తాను దూరల్ల.
బంతి పోయిందా, వెనక్కి పరిగెత్తద్దండి.
ఐదు లెక్కబెట్టే లోపల పోయిన చోటే పట్టండి.
దొంగను పక్కూర్లో ఎతికేదేంది,
గోడ దూకతా ఉండంగానే కాలు పట్టల్ల.

"పట్టలేకపోతే?"
సారు నా టెంక పక్క చూసినాడు.
మాట్లాడలే.

ఆదివారం మూడు గంటలకు
మావోళ్ళు తొమ్మిది మందీ అవతలి సగంలోకి ఎలబారినారు,
గంగజాతరకు పోతా ఇల్లు నాకు అప్పజెప్పినట్టు.
ముందర గరిక. వెనక గరిక.
ఎడమ పక్క ఎవురిదో మేక.
ఇంత చోటు నా పుట్టుకలో ఎప్పుడూ నా పేరన లేదు.
మా ఇంట్లో ఆరుమందిమి ఒకే చాప మింద పండుకుంటాం,
ఒకరు పక్కకు తిరగల్లంటే
అందరమూ తిరగల్ల.

ఇక్కడ నేనొక్కణ్ణే తిరగతా ఉండా.

మొదటి గోలు మావోళ్ళది. కొంచేపటికే రెండోది.
అరుపులు నాకాడికి వచ్చేసరికి చల్లారినాయి,
దూరం నుంచి తెచ్చిన టీ మాదిరి.
నా చప్పట్లు నాకే వినపడినాయి.

అప్పుడు వాళ్ళ పొడుగోడు,
ఇంతసేపూ తమిళంలో ఏందో గొణుక్కుంటా నా చుట్టూ తిరిగినోడు,
పరుగందుకున్నాడు.
ఒకడైతే నిలేయొచ్చు. వాడెనక ఇంకొకడు.
ఇద్దరి నడుమ నేను తక్కెడ ముల్లు,
ఎటు ఒరిగినా అటు మోసం.

సారు చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది:
ఒక్కడివే కాబట్టి గీత నువ్వే.
బంతి ఇంకా వాళ్ళోడి కాలి దగ్గర ఉండంగానే
ఒక్క అడుగు ముందుకేస్తి.
హద్దు నాతోబాటు ముందుకు జరిగింది.
జెండా లేచింది!

రెండోసారీ లేచింది, మూడోసారీ లేచింది.
నేనేడ నిలబడితే ఆడికే వాళ్ళ రాజ్యం ఆఖరు
అనుకోని రొంత ఛాతీ కూడా విరిస్తి.

నాలుగోసారి
జెండా పట్టినాయన మేకను అదిలిస్తా ఉన్నాడు.

ఐదు కొట్టినాం. ఆరు తిన్నాం.

రాణిపేట వ్యాను పోయినాక
సారు ఎవురినీ తిట్టలే.
మల్లా మట్టిలో గొంతుక్కూచోని టెంకలు పేర్చినాడు:
ముందర ఆరు, మధ్యలో మూడు, వెనక ఒకటి.
చానాసేపు చూసినాడు.
"తప్పు ఈడుంది" అని
నా టెంకను బొటనేలితో నెట్టినాడు, మెల్లగా,
నడిమి గీత దాటిందాకా.

చెప్పు తీసుకోబోయిన ఏసుపాదం
ఒంటికాలి మింద అట్లే నిలబడిపోయినాడు.