ఇరుసు లేవదు

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో ఖలందర్ షెడ్డు.
నా జిప్సీ గుంత మీద నిలబడి ఉంది,
పొదుగు చూపించుకునే ఆవులా
కడుపంతా బయటపెట్టి.

ఇవాళ పరీక్ష చేసేది నేను కాదు.
పళ్ళ మధ్య టార్చి పట్టుకుని ఖలందర్
ఒక్కో పట్టీ తట్టి చూస్తున్నాడు.
డిఫరెన్షియల్ గుండు మీద తెల్లటి గీరు.
"ఇది యాడ తగిలింది మేడమ్?"

కౌండిన్య వంకలో. పోయిన శనివారం.
అడ్డం తిరిగిన దూడ, రాత్రి పదకొండు,
బండ మీద కూర్చుండిపోయిన బండి.
ముందుకు రాదు, వెనక్కి పోదు.
దిగి నడిచాను, మోకాళ్ళ లోతు నీళ్ళు.
ఆవు బతికింది. దూడ బతకలేదు.
ఆ ఇరవై నిమిషాలు
ఏ రిజిస్టర్లో రాయాలో ఇంకా తెలీదు.

అందుకే వచ్చాను.
నాలుగంగుళాలు లేపమన్నాను.
టైర్లు పెద్దవి, అడవిపంది వీపులా గరుకుగా,
తిరుచానూరు రోడ్డులో ఒక కుర్రాడి బండికి చూశాను,
మట్టి మొహం ఎరగని టైర్లు, అలాంటివి.

ఖలందర్ నవ్వలేదు. టార్చి ఆర్పి జేబులో పెట్టాడు.
"వంక దాటేటప్పుడు పంచె ఎగ్గడతాం గదా,
పంచె తడవదు. పాదం తడస్తాది.
పట్టీలేసి లేపితే లేచేది పంచె.
ఇరుసు లేవదు మేడమ్.
ఇరుసును లేపేది టైరొక్కటే."

ఆయిల్ డబ్బా అట్ట చించి లెక్క రాశాడు.
రెండువందల ముప్పై ఐదు వేస్తే
స్టీరింగు తిప్పినప్పుడల్లా ఎక్కడో రాసుకుంటుంది,
మొగిలి ఘాటులో గేరు ఏడుస్తుంది,
పెట్రోలు బంకు వాళ్ళు వరసలు కలుపుతారు.
రెండువందల పదిహేను వేస్తే
మీటరు అరవై అంటుంది, పోయేది అరవై మూడు.
"అబద్ధమే. కానీ చిన్నది."
నాలుగంగుళాలకి బ్రేకు గొట్టం చాలదు,
షాఫ్టు వంకరపోతుంది,
మలుపు మలుపుకీ తేరులా ఊగుతుంది.

"దినానికి ఎంత దూరం తిరగతారు?"
తొంభై కిలోమీటర్లు.
"అందులో రాళ్ళు?"
నిజం చెప్పడానికి కాస్త టైం పట్టింది.
ఆరు. వానొస్తే ఎనిమిది.
"ఆరు కోసం ఎనభై నాలుగూ చెడగొట్టుకుంటారా?"

ఆ ఆరులోనే కదా దూడ, అన్నాను.
అతను స్పానర్ తుడుస్తూ ఉండిపోయాడు.
తుడవాల్సినంత మురికి దానికి లేదు.

బెంచీ మీద పొన్నమ్మ,
ఒళ్ళో టీకాల ఐసు పెట్టె.
పొద్దున్నుంచి నోరు విప్పలేదు.
నాలుగడుగుల పది, ఎడమ మోకాలు అరిగిపోయింది,
రోజుకి పద్నాలుగుసార్లు ఎక్కి దిగుతుంది,
పెట్టె చంకలోంచి జారకుండా.
"బండిని ఎంతైనా లేపుకోండి అమ్మయ్యా,
నన్నెవురు లేపేది?"

ఖలందర్ టేపు తీశాడు.
బండి దగ్గరికి పోలేదు.
పొన్నమ్మను షట్టరు పక్కన నిలబెట్టి
మోకాలి దగ్గర సుద్దముక్కతో గీత గీశాడు.
మళ్ళీ ఎవరూ నాలుగంగుళాల మాట ఎత్తలేదు.

రెండంగుళాలు. టైరు కొంచెం పెద్దది.
పాత బంపరు ముక్క కోసి
పొన్నమ్మ వైపు ఒక మెట్టు అతికాడు,
దానికి డబ్బులు తీసుకోలేదు.
స్టెప్నీ మాత్రం పాత చోట పట్టలేదు,
వెనక సీట్లో కాన్పు తాళ్ళ పక్కన
రోడ్డంతా దొర్లుతూ వస్తుంది.
మొదటి వారం వీపు నొప్పి. పట్టీలు కొత్తవి,
పనికి వంగడం ఇంకా నేర్చుకోలేదు.

మంగళవారం రాత్రి మళ్ళీ ఫోను.
అదే వంక, అదే బండ,
నీళ్ళు ఇంకో జానెడు ఎక్కువ.
రెండో గేరులోంచి ఒకటికి దింపాను, ఊపిరి బిగబట్టి.
కింద గీరుకున్న శబ్దం.
తగిలింది.
వదిలింది.

పొన్నమ్మ ఐసు పెట్టె మూత నొక్కిపట్టి
వాచీ చూసింది.
నేను చూడలేదు.