రెండు కాళ్ల పడవ

భీములవారిపాళెం రేవులో నాగూరయ్య నవ్వాడు:
"మా తాతలు మాన్లు కట్టి కట్టుమరమన్నారు.
మీరు గొట్టాలు కట్టి
అదే పేరు ఇంగిలీషులో చెప్తన్నారబ్బయా!"

నిజమే. రెండు గొట్టాల నడుమ వలగుడ్డ,
దానిమీద నేనూ ఢిల్లీబాబూ, ఒక టెంటు,
డబ్బా నీళ్లు, చింతతొక్కు కలిపిన సద్ది.

ఇరకం దీవి దాటగానే గాలి పడిపోయింది.
దిగి తోశాం. మోకాటిలోతు పులికాట్
నా ఎడమ చెప్పును ఉంచేసుకుంది.

తిన్నెమీద మేకులు నిలవలేదు.
బియ్యపు సంచుల్లో ఇసక నింపి
టెంటు తాళ్లు వాటికి కట్టి పాతిపెట్టాం.
రాత్రంతా గుడ్డ కొట్టుకుంటూనే ఉంది;
పడమటి నుంచి కొండగాలి.

తెల్లారి చూస్తే నీళ్లు లేవు.
గాలి వాటిని తూర్పుకు నెట్టేసింది.
పడవ బురదలో రెండు కాళ్లమీద నిలబడి
మాకంటే ఓపిగ్గా ఉంది.

ఫోన్ చేస్తే నాగూరయ్య అడిగాడు:
"సద్ది మిగిలిందా?"