దబ్బనం పొడిచిన పగలు

ముప్పై ఒక్క ఏళ్ళు
రాయపురం స్టేషన్ ఎదురు సందులో
పాస్‌పోర్టు ఫోటోలు తీశాను.
గడ్డం కొంచెం పైకి. చెవులు కనపడాలి. నవ్వొద్దు.
కదలొద్దు, కదలొద్దు, ఆఁ... అయిపోయింది.
మూడున్నర సెంటీమీటర్ల వెడల్పుకి
ఎంతమంది భుజాలు తెగ్గోశానో
కత్తెరకే తెలియాలి.

కొట్టు మూసేశాక ఒక్క పిచ్చి మిగిలింది:
గోడంత ఫోటో తీయాలి.
దానికి కెమెరా కొనక్కర్లేదు. గదే కెమెరా.

హార్బర్ రోడ్డులో గోనెసంచుల గోడౌను,
రెండో అంతస్తు, ఒకటే కిటికీ.
కిటికీకి అట్టలు, అట్టల మీద తారుకాగితం,
తలుపు సందుల్లో చిరిగిన గోనెలు కూరి
ఎండ అనేది చీమంత కూడా దూరకుండా మూశాం.
మూశాం అంటే నేనూ, దేశమ్మా.
అక్కడ సంచులు కుడుతుంది ఆవిడ,
సంచికి రూపాయిన్నర.

కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించాను.
చిల్లు ఎంతుండాలో మూడు రోజులు లెక్కలు కట్టి
కాగితం తెచ్చాను.
ఆవిడ కాగితం వైపు చూడలేదు.
"ఆవగింజంత సాలునా?" అంది.
రేకుని పీట మీద పెట్టి
దబ్బనంతో
ఒక్క పోటు.

కళ్ళకి చీకటి అలవాటయ్యేదాకా ఏమీ లేదు.
తర్వాత ఎదుటి గోడ మీదికి రాయపురం దిగింది
తలకిందులుగా.
రోడ్డు కప్పుకి అంటుకుంది.
కంటైనర్ లారీలు దాని మీద బల్లుల్లా పాకాయి.
రేవు క్రేన్లు కిందికి వేలాడాయి.
మా కాళ్ళ దగ్గర, నేల అంచున, ఆకాశం.
దేశమ్మ చెప్పులు విడిచింది.
ఎందుకని నేను అడగలేదు.

చిల్లుకి టేపు వేసి, ఎర్రబల్బు పెట్టి
నాలుగు పట్టీల ఫోటో కాగితం గోడకి కొట్టాం,
బల్బు ఆర్పి టేపు తీశాం.
రెండున్నర గంటలు.
తలుపు ఎవరూ తెరవకూడదని నేను బయట కాపలా.
టైమవగానే తడితే చిల్లు మూయడానికి ఆవిడ లోపల.

అరక్షణంలో మొహాలు పట్టినవాణ్ణి నేను.
ఇంత ఊరికి ఎవరు చెప్తారు కదలొద్దని?
చేపల తట్టల ఆటోలు పోయాయి.
బడి వదిలిన పిల్లలు పోయారు.
పూలు చల్లుకుంటూ ఒక శవయాత్ర పోయింది,
డప్పుల మోత గోడలోంచి నా వీపుకి తగిలింది.

రాత్రి అదే గదిలో టార్పాలిన్ పరిచి
చుట్టూ ఇటుకలు పేర్చి, మందునీళ్ళు పోసి
కర్రకి కట్టిన స్పాంజితో తుడుస్తుంటే
ఎర్ర వెలుగులో మెల్లగా పైకి తేలింది.
ఎండ పడ్డదంతా నలుపు. నీడలు తెలుపు.
మనిషన్నవాడు లేడు.
ఆటోలు లేవు, పిల్లలు లేరు, శవమూ లేదు, మోసినవాళ్ళూ లేరు.
రేవు గేటు దగ్గర క్యూలో ఇరుక్కున్న లారీ ఒక్కటి
ఉన్నచోటే ఉంది.

ఆ అడుగున,
కాటుకలాంటి ఆకాశంలో,
తెల్లగా, మోకాళ్ళు ముడుచుకుని,
తల పక్కకి వాల్చి
ఎవరో.

గోడకి ఆనుకోవద్దని నాలుగుసార్లు చెప్పాను.
మూడు వారాల ఖర్చు, నాలుగు పట్టీలు,
నోటిదాకా వచ్చింది మాట.

ఆవిడ వంగి చూస్తోంది.
"అది నేనే అన్నా. కొప్పు సూడు."
ఇంతకుముందెప్పుడైనా ఫోటో దిగావా అన్నాను, ఏం అనాలో తెలీక.
"ఆధార్‌కి దిగినా. అందులో నేను నా మాదిరి లేను."
ఇందులో అసలు మొహమే లేదు కదా.
"లేకపోతే ఏం. కూర్సోని ఉండాను కదా,
నాలుగ్గంటలకి లేసిందాన్ని."

ఆరబెట్టాక వచ్చింది చిక్కు.
ఊరు నిటారుగా ఉండాలంటే
ఆవిడ మబ్బులోంచి తలకిందులుగా వేలాడాలి.
నోట్లో మేకులు పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను.

పొద్దున గోడౌను సేటు వచ్చాడు.
క్రేన్లు చూడ్డానికి మెడ వంచాడు, ఇంకా వంచాడు,
"తిప్పి కొట్టావేమయ్యా" అన్నాడు.
అలాగే ఉండండి సేటూ, అన్నాను.
కదలొద్దు.