మింగొద్దు తిప్పేస్వామీ

మొదటి బొమ్మ అలుక్కుపోయింది.
మెడకాడ వెన్నుపాము
మిట్టమధ్యాన్నం తారురోడ్డు మీద నీళ్లలా వణికింది.

"ఉమ్మి మింగినావా?"
"గొంతెండుతాంది సార్."

కళ్యాణదుర్గం బోరుబండి మనిషి.
రాడ్డు జారి మెడ మీద పడిందంట.
ఇప్పుడు బీడీ కూడా బరువే వేళ్లకు.

"నీ మెడలో నీళ్లు వెతుకుతాండా,
కదిలితే దారి చెరిగిపోతాది."

అనంతపురం పెద్దాసుపత్రి, రాత్రి పదకొండు.
మెడకు రెండుపక్కలా బియ్యం మూటలు సర్దినా.
వేలికి క్లిప్పు తగిలించి
గుండె దెబ్బకూ దెబ్బకూ నడుమ
ఆ కాస్త నిమ్మళంలో
ఒక్కో బొమ్మ. ఒకదాని మీద ఒకటి, ముప్పైరెండు.

చిటికెనవేలంత తాడు తేటపడింది.
పోగుపోగునా నీళ్లు నిలువునా పోతాన్నాయి,
ఐదో పూసకాడ మాత్రం
ఎటు పోవాలో తెలీక చెదిరినాయి.

బల్ల బయటికి జరగ్గానే అడిగినాడు:
"నీళ్లు పడినాయా సార్?"

బొమ్మ బాగా వచ్చిందని చెప్పినా.