వెన్న అడిగే కొయ్య

రెండు ఎనామిల్ బేసిన్లకి ఒక కొయ్యగిన్నె.
అగడెజ్ నుంచి ఇన్‌గాల్ దాకా నా బేరం ఇదే.
బేసిన్ల అడుగున ఎర్ర గులాబీలుంటాయి,
ఆ ఇసుకలో ఎవరూ ఎరగని పూలు.
వేలితో కొడితే మోగుతాయి, పిల్లలు నవ్వుతారు,
అక్కడికి బేరం సగం తెగినట్టే.

తమూమత్ నవ్వలేదు.
తలగుడ్డ కొస పళ్ళతో పట్టుకుని
గిన్నె బోర్లించి చూపించింది.
"ఈ గాటు నాకంటే ముందుది,
మా అత్త వాళ్ళ ఒంటె కాలు పడింది.
ఈ ఇత్తడి కుట్టు కరువేడు వేయించాం.
పొయ్యడానికి పాలు లేవు. అయినా వేయించాం."
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
నేను మూడో బేసిను తీశాను.

బండి కదలబోతుంటే ఒక్క మాట అడిగింది:
"అక్కడ దీనికి వెన్న ఎవరు రాస్తారు?"
రాస్తారులే, అన్నాను.
వ్యాపారి నోట్లో ఆ 'లే' ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

నా కొట్టులో నూట పన్నెండు గిన్నెలు.
ఒంటె పాలకి, ఇద్దరు పట్టి ఎత్తేవి,
పాలు మానని పిల్లాడి పిడికిలంతవి.
కొనేవాళ్ళకి వాసన గిట్టదని
ఇసుకతో తోమించి ఎండలో పరిపించాను.
పులిసిన పాలు, పొగ, తోలు,
ముగ్గురు నలుగురు ఆడవాళ్ళ అరచేతులు,
అంతా ఒక్క మధ్యాహ్నంలో పోయింది.

హర్మటాన్ గాలి మొదలైన రాత్రి
చీకట్లో ఒకటి టప్‌మంది.
ఎలకేమో అనుకున్నాను.
మళ్ళీ టప్.
లాంతరు పట్టుకు వెళ్తే
తమూమత్ గిన్నె, అంచు నుంచి అడుగు దాకా
ఎండిన పెదవిలా చిట్లి ఉంది.

తెల్లారగానే ఘుమూర్ కమ్మరి దగ్గరికి పట్టుకుపోయాను.
వేలితో తడిమి బాడిసె దెబ్బలు గుర్తుపట్టాడు.
వాళ్ళ తాతవి. ఎడమచేతి వాటం.
"ఒక కుట్టు వెయ్యి, ఎంతైనా ఇస్తాను,
కుట్లున్నదానికే పట్నంలో ధర" అన్నాను.
కొలిమి లోంచి కళ్ళు తియ్యకుండానే అన్నాడు,
"పాలు కారిపోతుంటే కుట్టేస్తాం.
దీంట్లోంచి ఏం కారుతోంది?"

ఇప్పుడు వారంవారం సంతలో మేక వెన్న కొంటున్నాను.
ఇంట్లో రొట్టెకి లేదు, కొయ్యకి పోస్తున్నావా
అని జుమ్మాయ్ రెండు రోజులు మాట్లాడలేదు.
మోచేతుల దాకా జిడ్డు. ఈగలు.
మొన్న ఒక దొర గుమ్మంలోనే ముక్కు మూసుకుని
వచ్చిన దారినే పోయాడు.

నిన్న ఇంకొకడు వచ్చి
ఆ పగులు మీద వేలు పెట్టి
"ఇది పాతదేనా?" అన్నాడు.
కాదు, పోయిన మంగళవారంది, అన్నాను.
వాడు నవ్వి పర్సు తీశాడు.
వెన్న ఇంకా ఇంకుతోంది,
రేపు రా, అన్నాను.