నాలుగింటి నీడ

ఆటోనగర్ గేటు లోపల షెడ్డుకి అడ్వాన్సు అడిగారు.
నేను గేటు బయటే కూర్చున్నాను,
సిమెంటు గోడౌను వెనక గోడ పక్కన.
పద్నాలుగేళ్ళు.

గోడ నాకు పడమర.
పొద్దునపూట అది ఎందుకూ పనికిరాదు,
ఎండ తిన్నగా వచ్చి ఇంజన్‌లోకి
నాకంటే ముందు తల పెడుతుంది.
స్పానర్లు తడిగోనెలో చుట్టి ఉంచుతాం.
పన్నెండో నంబరు అడిగితే ఏసుపాదం
పురిటిబిడ్డని అందించినట్టు గుడ్డతో సహా ఇస్తాడు.

ఒంటిగంట దాటాక గోడ కాళ్ళ దగ్గర
జానెడు నీడ పుడుతుంది.
రెండున్నరకి ఆటో ముందు చక్రం మునుగుతుంది.
నాలుగింటికి రోడ్డు మీది తెల్లగీత దాకా నాదే.
గడియారం చూసి మాటివ్వను నేను.
'నీడ కరెంటు స్తంభం దాటాక రా, బండి ఇస్తా' అంటాను.
మాట ఎన్నడూ తప్పింది లేదు,
మబ్బు పట్టిన రోజు తప్ప.

కింద పరుచుకునేది ఎవరి ఓణీల ఫంక్షనుదో ఫ్లెక్సీ.
లారీ కింద పడుకుని లేస్తే
వీపు మీద సుస్వాగతం తిరగబడి అంటుకుంటుంది.
రమీజా రుద్ది కడుగుతూ
ఎవరికయ్యా రోజూ ఈ మర్యాద, అని నవ్వుతుంది.

ఇక్కడి నేల మట్టి కాదు.
గ్రీజు, డీజిలు, బెల్లప్పాకం రంగు గేరాయిలు
తాగి తాగి నల్లగా బిగుసుకుంది.
నట్టు జారిపడితే వంగి వెతకం.
పాత స్పీకరు అయస్కాంతానికి తాడు కట్టి
మేకపిల్లని తిప్పినట్టు తిప్పుతాడు ఏసుపాదం.
ఇవాళ పోయిన నట్టు దొరకదు,
పోయినేడాదిది దొరుకుతుంది.

హెడ్డు విప్పి ఉన్నప్పుడు చినుకు పడితే
చొక్కా తీసి ఇంజన్ మీద కప్పుతాను.
వాన నా ఒంట్లోకి దిగితే జలుబు,
సిలిండర్లోకి దిగితే అప్పు.

ఏప్రిల్లో రోడ్డు వెడల్పన్నారు.
గోడ మీద ఎర్రరంగుతో అంకె వేసి
మూడో రోజు పొక్లెయిన్ తెచ్చారు.
గోడౌను వాళ్ళకి నష్టపరిహారం.
టేపు పట్టుకున్న కుర్రాడు, పాపం,
మనసుండే అడిగాడు:
నీకేం పోయింది పెద్దాయనా, రాసుకుంటాను.
చూపించబోయాను.
అప్పుడు పదకొండయింది టైము.
చూపించడానికి ఏమీ లేదు.

మే రెండో వారం ఒక లారీ ఆగింది,
సరిగ్గా గోడ ఉన్న చోట,
నూజివీడు మామిడికాయ నిండా వేసుకుని.
క్లచ్ ప్లేటు కాలిన కంపు.
డ్రైవరు పైడిరాజు, బొబ్బిలి మనిషి.
దించి ఎక్కిస్తే ఒక్క పూట పని.
రెండున్నరకి లారీ పక్కన నీడ పడింది.
ఆటో ముందు చక్రం మునిగింది.
ఏసుపాదం నావైపు చూశాడు.
నేను వాడివైపు చూడలేదు.

ప్లేటు దొరకలేదన్నాను.
అది నా పెట్టె వెనకే ఉంది, సీలు తియ్యని అట్టపెట్టెలో.
మర్నాడు బేరింగన్నాను.
ఆ రెండ్రోజులూ ఆ నీడన
మూడు ఆటోలు, ఒక ట్రాక్టరు చేశాను.
చేతులు అంత చల్లగా ఎప్పుడూ పని చెయ్యలేదు.

మూడో రోజు వాసన మారింది.
టార్పాలిన్ కింద కాయ పండుతోంది.
పైడిరాజు తిట్టలేదు, అరవలేదు.
టైరుకి వీపు ఆనించి కూర్చుని
'గురువా, మెత్తబడిపోతన్నాయి' అన్నాడు,
కాయల సంగతే అన్నాడు.

గేరుబాక్సు జాకీ మీదికి దించాం.
అట్టపెట్టె సీలు తీస్తుంటే
ఏసుపాదం తల తిప్పుకున్నాడు, నా పరువు కోసం.

నాలుగింటికి స్టార్టయింది.
లారీ కదిలితే నీడా కదిలింది,
నా మోకాళ్ళ మీదుగా, పెట్టె మీదుగా,
ఏసుపాదం మొహం మీదుగా ఈడ్చుకుంటూ
బెంజిసర్కిలు వైపు వెళ్ళిపోయింది.
కూలి ఎంత తీసుకున్నానో చెప్పను.

సగం విప్పిన ఆటో ఒకటి మిగిలింది.
స్పానరు ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
ఒరేయ్ ఏసుపాదం,
గోనె తడుపు.