రంపం పళ్ళు

ఇద్రిజ్ సామిల్లులో ఇవాళ మళ్ళీ రంపం ఆగిపోయింది.
అక్రోటు దుంగలో, బెరడు నుంచి లోపలికి
ముప్ఫయ్యో వలయం దగ్గర
బొటనవేలంత ఇనుపముక్క.
మూడు పళ్ళు ఎగిరిపోయాయి.
ఇద్రిజ్ నోటికొచ్చినట్టు తిట్టాడు,
యుద్ధాన్ని కాదు, దుంగ అమ్మినవాణ్ణి.

ఆ ఏడాది నేను రాసిన కవితలో
ఈ కొండ వెక్కి వెక్కి ఏడ్చింది.
ద్రీనా నది నెత్తుటి పాట పాడింది.
మంచు చనిపోయినవాళ్ళకి తెల్లదుప్పటి కప్పింది.
చదివినవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

మంచు ఎవరికీ దుప్పటి కప్పలేదు.
మా తమ్ముడు సెనాద్‌ని ఏప్రిల్ దాకా
మాకు కనబడనివ్వలేదు, అంతే.
నది తన దారిన తాను పోయింది.

ఊరి పైన, పుర్రె బొమ్మ వేసిన ఎర్రపలకలు దాటితే
ఎవరూ కాలుపెట్టని అడవి
కన్ను దూరనంత చిక్కగా పెరిగింది.
సరాయెవో నుంచి వచ్చిన కుర్రాడు మురిసిపోయాడు:
"చూశారా, చివరికి ప్రకృతే గెలిచింది!"
అక్కడ తిరిగే జింకల్లో ఒకదానికి మూడే కాళ్ళు.
అతనికి చెప్పలేదు.

అక్రోటు చెట్టు ఎవర్నీ క్షమించలేదు,
సాక్ష్యమూ చెప్పలేదు.
దిగినదాన్ని బయటికి తోయలేక
దాని చుట్టూ ఒళ్ళు పెంచుకుంది.
ఏటా కాయలు కాసింది.
మేం తిన్నాం.

ఇకమీదట చెట్టుని చెట్టనే రాస్తాను.
శవం పక్కన పువ్వు పెట్టను.

"ఉంచుకో, నీకేమైనా పనికొస్తుందేమో"
అంటూ ఇద్రిజ్ ఆ ముక్కని నా అరచేతిలో పడేశాడు.
ఇంకా వేడిగా ఉంది.
రంపం రాపిడికి.
అదీ రాయాలి.